బుజ్జమ్మ భాస్కరరావులు

కోళ్ల పెంపకం గురించి బుజ్జమ్మకి తెలియని సంగతి లేదు. ఏ తెగులొస్తే కోడి మెడ వాలుస్తుందో, పొదగేసేటప్పుడు గంపలో ఎంత గడ్డి పరవాలో అడిగితే గుక్క తిప్పుకోకుండా చెబుతుంది. ఇంట్లో చూస్తే ఒక్క కోడి లేదు, ఎన్నడూ లేదు. హార్మోనియం మెట్ల పేర్లు వరసగా అప్పజెబుతుంది, హార్మోనియం ముట్టుకున్న పాపాన పోలేదు. ట్రాన్సిస్టరు రేడియో విప్పి బాగుచేయడం, మోకాళ్ల నొప్పులకి హోమియో మాత్రలు, కాశీలో ఏ సత్రంలో చవగ్గా దిగొచ్చు, ఒకానొక జమీందారుని పాలల్లో విషం కలిపి చంపిందెవరు, ఇవన్నీ ఆవిడకి కొట్టిన పిండి.

ఇంత చదువు ఎక్కడిదని బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో కొత్తగా దిగినవాళ్లు నోరెళ్లబెట్టేవారు. ఇందులో గొప్పేమీ లేదు, అంతా పుస్తకాల్లో చదివిందే. ఆ పుస్తకాలు రాసినవాళ్లు ఒకరినొకరు ఎరగని పెద్దమనుషులు. ఇంటిపేర్లు వేరు, ఊళ్లు వేరు. కలిసింది ఒక్కటే, అందరూ భాస్కరరావులే. బుజ్జమ్మ మొగుడూ భాస్కరరావే. ఆ పేరు కనిపిస్తే చాలు, లోపల ఏముందో చూడకుండా తెచ్చేసుకునేది. తెచ్చుకున్నాక చదవకుండా ఉంటుందా? ఎనిమిదో తరగతి దాకా చదివిన మనిషి.

పేరు మాత్రం నోట రాదు. కాపురానికి చీపురుపల్లిలో బండెక్కించేముందు వాళ్ల నాయనమ్మ మంగాయమ్మ చెవిలో ఊది మరీ పంపింది, మొగుడి పేరు పెళ్లాం నోట పలికితే ఆయన ఆయుష్షు కరిగిపోతుందని. మిగతా ఆడవాళ్లు అలాంటివి విని నవ్వేసి ఊరుకున్నారేమో, నాకు తెలీదు. బుజ్జమ్మ ఎలా నవ్వుతుంది? ఆవిడ మొగుడు గూడ్సు గార్డు. ఇప్పుడు ట్రైన్ మేనేజరని పెద్ద పేరు పెట్టారు గానీ, అప్పట్లో గార్డంటే బొగ్గుబండికి చిట్టచివర, బ్రేకు వ్యానులో, చీకట్లో ఒక్కడే కూర్చుని వెళ్లేవాడు. డ్యూటీకి పిలిచే కాల్‌బాయ్ వచ్చి "గార్డ్ సాబ్" అని తలుపు కొడితే పెట్టె మోయించుకుని వెళ్లిపోవడమే, మళ్లీ ఎప్పుడొస్తాడో దేవుడికీ కంట్రోలు ఆఫీసుకీ తెలియాలి. పందొమ్మిదేళ్ల పిల్ల, హిందీ ముక్క రాదు, క్వార్టర్లో ఒక్కతే.

అలాంటి రోజుల్లోనే తెలుగు సంఘం లైబ్రరీలో ఆ కోళ్ల పుస్తకం అట్ట మీద పేరు చూసింది. ఇంటికి తెచ్చి, గోడ గూట్లో ఎదురుగా నిలబెట్టి, అన్నం తింటూ దాన్నే చూసింది. ఆ పూట అన్నం సయించింది. నోటితో అనకూడదు, చేత్తో రాయకూడదు, కళ్లతో చూడొచ్చు. ఈ రూలు ఎవరూ చెప్పలేదు, ఆవిడే పెట్టుకుంది.

లైబ్రరీలో ఒకసారికి రెండు పుస్తకాలే ఇస్తారు. అంచేత రెండు తేవడం, అవి ఇచ్చి ఇంకో రెండు తేవడం, అన్నీ అయ్యాక మళ్లీ మొదటికి రావడం. అక్కడ కూర్చునే పైడిరాజు మంచివాడు, ఆవిడ గుమ్మంలో కనపడగానే అడక్కుండానే తీసి బల్ల మీద పెట్టేవాడు. ఇంట్లో వాటికి ఆవిడ పెట్టుకున్న పేర్లు వేరు. కోళ్లాయన, రేడియో ఆయన, హోమియో ఆయన. జమీందారుని చంపించినాయన విషాలాయన. ఒక వానాకాలం లైన్లో ఎక్కడో నాలుగు వ్యాగన్లు పట్టాలు దిగితే మొగుడు మోచెయ్యి గీరుకుని మాత్రమే ఇంటికొచ్చాడు. డాక్టరు అదృష్టమన్నాడు. బుజ్జమ్మకి తెలుసు అదంతా తన నోటి కాపలా అని.

మొగుడు ఇదేమీ పట్టించుకున్నట్టు కనపడేవాడు కాదు. ఆయన పుస్తకం చదవగా ఎవరూ చూడలేదు. "ఆ కోళ్లాయన్నే సేసుకోకపోయినావా, గుడ్లయినా దొరికీవి" అని ఎప్పుడైనా ఆటపట్టించేవాడు, అంతే. రిటైరయ్యాక బిలాస్‌పూర్‌లోనే లింగియాడీహ్‌లో చిన్న ఇల్లు కట్టుకున్నారు. పైడిరాజు పోయాడు. బుజ్జమ్మ మాత్రం నెలకోసారి స్కూటరు వెనక కూర్చుని సంఘం హాలుకి వస్తూనే ఉంది.

ఈ వేసవిలో సంఘం కమిటీ కూర్చుని ఒక నిర్ణయం చేసింది. చదివేవాళ్లు లేరు, గది పిల్లలకి కంప్యూటర్లు పెట్టడానికి కావాలి, పుస్తకాలన్నీ శ్రీకాకుళం జిల్లాలో ఒక పల్లె బడికి పంపేద్దామని. సభ్యులు కావలసినవి ముందుగా తీసుకోవచ్చని వాట్సాప్‌లో పెట్టారు. అది గార్డుగారి ఫోనుకీ వచ్చింది. పువ్వుల బొమ్మ లేని మెసేజీని తెరిచే అలవాటు ఆయనకి లేదు.

ఆదివారం బుధవారీ బజారులో కూరలు కొనుక్కుని, పనిలో పనిగా హాలు దగ్గర ఆగారు. విజయనగరం పెళ్లికి వెళ్తూ చేతిలో ఉన్న రెండూ ఇచ్చేసింది కాబట్టి బుజ్జమ్మ కొత్తగా రెండు తీసుకోవాలి. చూస్తే బీరువాలు బార్లా తెరిచి ఉన్నాయి. వాకిట్లో టెంపో నిండా కుట్టేసిన బస్తాలు. ఆవిడ గబగబా లోపలికి నడిచింది.

"బాబూ, పుస్తకాలేటయినాయి?"

సెక్రటరీ ప్రవీణ్ లోకోషెడ్‌లో పనిచేసే కుర్రాడు. జరిగింది చెప్పి, "సారీ ఆంటీ, మీరు గ్రూపులో చూశారనుకున్నాను" అన్నాడు.

"నావి కొన్నున్నాయి బాబూ. అవి లేకపోతే నాకవదు."

"నో టెన్షన్ ఆంటీ," అంది పక్కనున్న తనూజ. బస్తాల పని నెత్తినేసుకున్న పిల్ల. "ఏ రైటర్ ఏ బోరీలో ఉన్నాడో ఫోన్లో ఇంగ్లీషులో ఎక్కించాను. పేరు చెప్పండి, ఆ బోరీ విప్పేద్దాం."

"కోళ్ల పుస్తకం తల్లీ."

"టైటిల్స్ ఎక్కించలేదాంటీ. నా తెలుగు చదవడం మీకు తెలుసు కదా, రైటర్ల పేర్లు కూడబలుక్కునేసరికే నా పని అయిపోయింది. నామ్ బోలియే నా."

"బేగి చెప్పండి ఆంటీ, పార్సెల్ ఆఫీసు మూసేస్తారు" అన్నాడు ప్రవీణ్.

బుజ్జమ్మ చీర కొంగు వేలికి చుట్టింది, విప్పింది. "మా ఆయన పేరేనమ్మా అందరిదీ."

"అచ్ఛా! అంకుల్ పేరేంటి? గార్డు అంకుల్ కదా?"

"గార్డు ఉజ్జోగం తల్లీ, పేరు కాదు."

పిల్లలిద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. పుట్టినప్పటినుంచీ ఆయన వాళ్లకి గార్డు అంకులే. ప్రవీణ్ వాళ్ల నాన్నకి ఫోన్ చేశాడు. ఆయన లోకో పైలట్, రైలు నడుపుతున్నాడు, ఫోను కట్టేసి ఉంది. బుజ్జమ్మ కొడుక్కి చేద్దామంటే అతనూ లోకో పైలటే, అదే తంతు. ఆఖరికి తనూజ పరిగెత్తుకెళ్లి గేటు బయట టీబడ్డీ దగ్గరున్న గార్డుగారినే లాక్కొచ్చింది.

బుజ్జమ్మకి ప్రాణం లేచొచ్చింది. "మిమ్మల్నే. మీ పేరు ఈ పిల్లకి సెప్పండి."

ఆయన బస్తాల వైపు చూశాడు, పెళ్లాం వైపు చూశాడు. సంగతి అర్థమైంది. "నా పేరా? మరిసిపోనాను" అన్నాడు.

"ఏటండీ పరాచికాలు! పుస్తకాలెల్లిపోతన్నాయి."

"నిజమేనే. నీ నోట వింటే గదా గుర్తుండడానికి."

డ్రైవరు టెంపో స్టార్టు చేశాడు. బుజ్జమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. అది చూసి ఆయన నవ్వు మానేసి దగ్గరికొచ్చాడు.

"బుజ్జీ, నాను బండి దిగిపోనాను. మడతకుర్సీలో కూసోనోడికి ఏటౌతాది సెప్పు? ఆ కోళ్లాయన్నీ, రేడియో ఆయన్నీ గూట్లో నిలబెట్టి ఎందుకు సూసుకునేదానివో నాకు తెల్దనుకున్నావా? నీ బయం నాకెరికే. అందుకే ఇన్నాళ్లూ అడగలేదు. ఇప్పుడడుగుతన్నాను. ఒక్కసారి అను."

తెలుసా ఈయనకి! అన్నీ తెలిసి కోళ్ల మీద జోకులేసుకుంటూ తిరిగాడా! ఆవిడకి కోపమొచ్చింది, సిగ్గేసింది, రెండిటినీ మించి భయమేసింది. నాయనమ్మ మాట చెవిలోనే ఉంది. ఆయన ఎదురుగా ఉన్నాడు, నెరిసిన మీసం, చేతిలో వంకాయల సంచి. టెంపో వెనక్కి కదిలింది.

"బాస్కర్రావు" అంది బుజ్జమ్మ.

"వినపడలేదాంటీ, జోర్ సే!" అని అరిచింది తనూజ ఇంజను మోతలో.

"బాస్కర్రావు!"

టీబడ్డీ దగ్గరున్న వాళ్లు కూడా తలలు తిప్పారు. "ఆఁ" అన్నాడు గార్డుగారు. ఆ పలకడం ఎంత గట్టిగా వచ్చిందంటే డ్రైవరు తనని ఆపమన్నారనుకుని బ్రేకు వేశాడు. తనూజ ఫోన్లో చూసి బస్తాల నంబర్లు చెప్పసాగింది, ప్రవీణ్ టెంపో ఎక్కి తాళ్లు విప్పడం మొదలెట్టాడు.

బుజ్జమ్మ అటు చూడలేదు. మొగుడి చెయ్యి పట్టుకుని, మొహం తడిమి, గుండె మీద అరచెయ్యి ఆనించింది.

"ఏటీ అవలేదు కదండీ?"

ఆయన కళ్లద్దాలు తీసి చొక్కా అంచుకి తుడుచుకున్నాడు. "ఇన్నాళ్లూ అది బాగోని పేరనుకున్నానే" అన్నాడు.