మలుపులో ఆగని పెద్ద డ్రమ్ము

తొమ్మిదో తరగతిలో మా హాస్టలు బడి బ్యాండులో పెద్ద డ్రమ్ము నాది. నాకంటే ఎత్తయిన పిల్లలున్నా నాకే ఇచ్చారు. దాన్ని మెడకు తగిలించుకుని గంటసేపు నడిచినా నేను కిమ్మనేదాన్ని కాదు మరి. అదంటే నాకు బోలెడు గర్వం. ఆ గర్వం కాస్తా ఒక్క పంద్రాగస్టుతో మట్టికొట్టుకుపోయింది.

పెద్ద డ్రమ్ము దెబ్బ ఎడమకాలికి పడాలి. వెనక నడిచే పిల్లలందరూ దాన్ని వింటూనే అడుగు వేస్తారు. ఆ రోజు మైదానంలో తిన్నగా నడిచినంతసేపూ బాగానే ఉంది. అధికారులు కూర్చున్న వేదికకు ముందు ఎడమకు తిరగాలి. హిందీలో 'బాయేఁ ఘూమ్' అన్నారు. తిరిగే చోట నా దెబ్బ నెమ్మదించింది. ముందు వరసలో సైడ్ డ్రమ్ములు కొట్టే నలుగురూ ఒక పాట, నేను ఒక పాట. వెనకవాళ్ళు ఒకరి మడమలు ఒకరు తొక్కుకున్నారు. జనం నవ్వారు. ఎవరో స్పీకరులో పాట పెట్టేశారు. తల కొట్టేసినట్టయింది.

ఛబ్బీస్ జనవరి జెండా పండక్కి కూడా ఇదే తంతయితే ఇక బ్యాండే ఉండదని, డ్రమ్ములు స్టోరు గదిలో పెట్టి తాళం వేస్తానని పెద్ద మేడం చెప్పేశారు. అందరూ నావైపే చూశారు. ఎందుకు చూడరు, చెడగొట్టింది నేనే కదా!

డిసెంబరులో డ్రిల్లు మేడం పొద్దున్నే మమ్మల్ని మైదానంలోకి తోలేది. ఆమె గనుల కాలనీలో పుట్టి పెరిగింది. వాళ్ళ నాన్న ఆంధ్రా నుంచి ఉద్యోగానికి వచ్చాడట. మాది ఉసూర్ వైపు, సరిహద్దు దగ్గరి పల్లె. ఆమె తెలుగు నా చెవికి సినిమా తెలుగులా ఉండేది, తిట్లతో సహా. ఫోనులో టక్ టక్ మనే యాప్ పెట్టి నా చెవి దగ్గర పట్టుకునేది.

"వినబడుతోందా, లేదా?"

"వినబడుతంది మేడం."

"మరి మలుపు దగ్గర నిద్రపోతావేంటమ్మా? రేపు కూడా ఇంతే అయితే డ్రమ్ము ఇంకొకళ్ళకి ఇచ్చేస్తాను."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఏదైతే అదయిందని నోరు విప్పాను.

"నేనేం నిద్ర పోతలేను మేడం! అగో, చివర్ల పిల్ల ఎనకబడుతంది. నేను ఆగకపోతే అది ఎట్ల అందుకుంటది?"

ఆ చివరి పిల్ల నా జతగత్తె, జగర్గుండ వైపుది. ఇంట్లో మాట్లాడేది గోండి. వాళ్ళమ్మతో కలిసి భద్రాచలం వైపు మిరపకాయలు కోయడానికి పోయి తెలుగు నేర్చుకుంది. ముందు వరసలో కుడివైపు కొసన నడిచేది. మలుపులో ఎప్పుడూ రెండడుగులు వెనకబడేది. నేను డ్రమ్ము పక్కనుంచి తొంగి దాని కాళ్ళు చూస్తూ, దానికోసం చెయ్యి ఆపేదాన్ని.

నాకు వచ్చిన విద్య అదే. మా నాన్న ఊళ్ళో డోలు కొడతాడు. "ఆడేటోళ్ళ కాళ్ళు చూసి కొట్టాలె బిడ్డా, ముసలామె ఎనకబడితే నీ చెయ్యి ఆగాలె" అనేవాడు. ఆటలో ఎవరి కాలు తడబడినా మా ఊళ్ళో తప్పు డోలుదే.

మేడం గబగబా వెళ్ళి ఆ పిల్ల డ్రమ్ము తను తగిలించుకుని కుడి కొసన నిలబడి "కొట్టవే" అంది. కొట్టాను. తిరిగాం. అబ్బో! మేడం కూడా వెనకబడింది! పట్టీ పొడుగై డ్రమ్ము అడుగడుక్కీ మోకాలికి తగులుతోంది. పిల్లలు పకపకా నవ్వారు. మేడం మోకాలు రుద్దుకుంటూ ఆ పిల్ల సాక్సు కిందికి లాగి చూసింది. మోకాలి కింద నల్లగా కమిలిపోయి ఉంది. "ఇన్నాళ్ళూ చెప్పలేదేమే, పిచ్చిదానా?" అంది. ఆ గొంతులో తిట్టు లేదు.

ఆ రోజే మేకు కాల్చి పట్టీలకు కొత్త బెజ్జాలు వేసింది. ముగ్గుపిండితో నేల మీద మలుపు గీసి, ఎవరి అడుగు ఎక్కడ పడాలో చుక్కలు పెట్టింది. లోపలి పిల్ల ఉన్నచోటే అడుగులేస్తూ కదం తాల్, పక్కదానిది చిన్నడుగు, ఆ పక్కదానిది ఇంకొంచెం పెద్దది, కొసన ఉన్నదానిది బారెడు అడుగు.

"వాళ్ళ కాళ్ళ సంగతి వాళ్ళు చూసుకుంటారు. నువ్వు ముందున్న పిల్ల జడ రిబ్బను చూడు, అంతే. కిందికి చూశావో, చూడు మరి!"

చెప్పినంత తేలికా? మొదటి వారమంతా నా కళ్ళు కిందికే పోయేవి. పంతం పట్టాను. చేతిపంపు దగ్గర బకెట్టు నిండేదాకా మేం ఐదుగురం తొడల మీద కొట్టుకుంటూ మలుపు తిరిగేవాళ్ళం. కొసపిల్ల బారెడు అడుగులు వేసీ వేసీ పిక్కలు పట్టేసినా ఆగేది కాదు. పదిసార్లు చెడితే పదకొండోసారి మళ్ళీ మొదటి నుంచి. జనవరి మధ్యకొచ్చేసరికి మలుపు కుదిరింది.

ఛబ్బీస్ జనవరి. 'బాయేఁ ఘూమ్'. తిరుగుతున్నాం. ఓరకంట నేల మీద ఏదో తెల్లగా కనబడింది. బూటు. కొసపిల్లది! దానికి ఇచ్చిన బూట్లు ఒక సైజు పెద్దవి. నా చెయ్యి గాలిలోనే ఆగబోయింది. దేవుడా, ఆపమంటోంది నా ఒళ్ళంతా. రిబ్బను వైపే చూశాను, కొట్టాను. మళ్ళీ కొట్టాను. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దాన్ని వదిలేసి పోతున్నాననే అనుకున్నాను. తిన్నగా అయ్యాక చూస్తే ముందు వరసలో రిబ్బన్లు నాలుగూ ఒక్క గీత మీద ఉన్నాయి. జనం చప్పట్లు కొట్టారు. ఈసారి స్పీకరు నోరు మూసుకునే ఉంది.

విడిపొమ్మనగానే దాని దగ్గరికి పరుగెత్తాను. ఒంటి సాక్సు నిండా పల్లేరుకాయలు.

"నీ కోసం ఆగలేదే నేను" అన్నాను, ఏడుపు ఆపుకోలేక.

"ఆగితే సంపేటిదాన్ని నిన్ను" అంది అది. "బూటు ఊడినంక ఏ కాలు ఎయ్యాలో తెల్వలే నాకు. నీ దెబ్బ ఇనుకుంటనే వచ్చిన. అదీ ఆగితే ఇంక నేను దేన్ని పట్టుకొని రావాలె?"

అక్కడే కూలబడి దాని పాదం ఒళ్ళో పెట్టుకుని ఒక్కొక్క ముల్లూ తీశాను.