మూతి కోసిన గరాటు

నేను ఇంతకు ముందే రాయకపోవడానికి కారణం చాలా చిన్నది. నాకు అప్పట్లో అక్షరాలు రావు. ఆడపిల్లకు బర్రెలు కాయడం వస్తే చాలని మా నాయిన అనుకున్నాడు. నాకు బర్రెలు కాయడం బాగానే వచ్చింది. పిల్లల పెళ్లిళ్లయ్యాక, ఊళ్లో మహిళా సంఘం గదిలో సాయంత్రాలు పాఠాలు చెబుతుంటే పోయి కూర్చుని నేర్చుకున్నాను. చదవడం తొందరగానే వచ్చింది. రాయడానికి మాత్రం ఏళ్లు పట్టింది. కొడవలికి అలవాటు పడిన చేయి పెన్ను పట్టుకుంటే మొండికేస్తుంది. ఈలోపు మా పికప్పు సంగతిని మా ఇంటి మగవాళ్లు తమకు నచ్చినట్టు చెప్పుకుంటూ తిరిగారు. వాళ్లు చెప్పేదాంట్లో బండిది తప్పు, ఎండది తప్పు, రోడ్డుది తప్పు. మనుషుల తప్పు ఎక్కడా వినిపించదు. అందుకే ఇది రాస్తున్నాను.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు మా ఊళ్లో పాలు పోయించుకునే పని నా చేతికి వచ్చింది. మాది కొత్తకోట నుంచి బాగా లోపలికి ఉన్న ఊరు. పొద్దున్నే ఆడవాళ్లు మా వాకిట్లోకి పాలు తెచ్చి పోస్తారు. వాటిని క్యాన్లకెత్తి, ఎండ ముదరక ముందే పెద్ద రోడ్డు మీద ఉన్న పాలు చల్లబరిచే కేంద్రానికి చేర్చాలి. ఆలస్యమైతే పాలు విరుగుతాయి. పాలకు మన సాకులు అర్థం కావు. పక్క ఊరి నుంచి ఇంకొకాయన మోటార్ సైకిల్‌కు రెండు పక్కలా క్యాన్లు కట్టుకుని మా ఊళ్లోకి వచ్చేవాడు. నా క్యానులో పాలు ఒక్కసారి విరిగి వెనక్కి వస్తే, మర్నాటి నుంచి సగం ఇళ్లు అతనికే పోస్తాయి. ఆ సంగతి నాకు తెలుసు, అతనికీ తెలుసు. బండి నడిపే మా మరిదికి చెప్పినా తలకెక్కదు.

మొదట మాకు ఒక పాత ట్రాలీ ఆటో ఉండేది. దాని డీజిల్ మూతను మా మరిది ఎన్నిసార్లు పోగొట్టాడో లెక్క లేదు. బంకులో మూత తీసి బండి మీద పెట్టేవాడు, డీజిల్ పోయించుకుని అలాగే వచ్చేసేవాడు. మూత పోయినప్పుడల్లా నా చీర ముక్క ఒకటి పోయేది. దాన్ని ఉండ చుట్టి ట్యాంకు మూతిలో కుక్కేవాడు. వానాకాలం ఆ గుడ్డ నీళ్లు తాగి ఉబ్బేది. ఇంజను దగ్గుతూ దగ్గుతూ నడిచేది.

అలాంటి మనిషి ఆటోను అమ్మేసి, షాద్‌నగర్ పోయి, అక్కడ ఎవరో వాడి అమ్మేసిన పికప్పు తెచ్చాడు. దాన్ని వాకిట్లో ఆపి నన్ను పిలిచాడు.

"వదినె, గిటు రా. దీనికి మూత యాడున్నదో చూపియ్యి చూద్దాం."

బండి పక్కన ఉన్న చిన్న తలుపు తెరిచాడు. లోపల నల్లటి గుంట, దాని అడుగున గుండ్రటి రేకు ఒకటి మూసుకుని ఉంది. తిప్పి తీసే మూత ఏదీ కనిపించలేదు.

"మూతేది?" అన్నాను.

"గదే. మూతనే లేదు. ఇగ పోయేదే లేదు."

"నువ్వు పోగొడతవని బండి చేసినోళ్లకు ఎట్ల ఎరుక?"

మా ఆయన నవ్వాడు. మరిది నవ్వలేదు.

ఆ ఏర్పాటు చెడ్డదని నేను అనను. బంకులో డీజిల్ పోసే గొట్టం లోపలికి పెడితే, ఆ తోపుకు రేకు తనంతట తానే తెరుచుకుంటుంది. గొట్టం బయటికి తీస్తే స్ప్రింగు లాగి మూసేస్తుంది. తిప్పే పని లేదు, మూత జారిపడే భయం లేదు. మా మరిది లాంటి వాళ్ల కోసమే ఎవరో కూర్చుని ఆలోచించి చేసినట్టుంది. పైపు దూర్చి డీజిల్ లాగేసే దొంగకు కూడా పని అంత సులువు కాదంటారు. తాళం లేదే అని అడిగితే, ఆ రేకే తాళం అన్నాడు మరిది.

వారం పది రోజులు మా వాకిలి తిరునాళ్లలా ఉంది. ఊళ్లో మీసం ఉన్న ప్రతివాడూ వచ్చాడు. మరిది ఆ చిన్న తలుపు తెరవడం, వచ్చినవాడు లోపలికి వేలు పెట్టి చూడడం. ఆ రేకు వేలిని లోపలికి పోనిస్తుంది, బయటికి తీసేటప్పుడు కొరుకుతుంది. పెద్దమనిషి ఒకాయన వేలు ఇరుక్కుని, బయటికి చెప్పుకోలేక, చాలాసేపు బండికి ఆనుకుని వానల గురించి మాట్లాడాడు. మా అత్త మాత్రం దూరం నుంచే చూసింది.

"నోరు తెర్సుకోని ఊరంత తిరుగుతదా గీ బండి? మట్టి వోదా లోపటికి?" అంది.

"నీకు తెల్వదమ్మా, గది కంపెనీ డిజైను," అన్నాడు మరిది. ఆ మాట నేర్చుకున్న నాటి నుంచి దేనికైనా అదే జవాబు.

సీటు కింద జాకీతో పాటు నల్లటి గరాటు ఒకటి దొరికింది. మూతి జానెడు పొడుగుంది, సన్నగా కాకుండా బంకు గొట్టమంత లావుంది. అది దేనికో మరిదికి తెలియదు. తెలుసుకోవాలనీ అనుకోలేదు. దాన్ని తెచ్చి గడపలో పడేస్తే మా ఆయన చేతికి దొరికింది. పురుగుమందు కొట్టే పంపులో మందు పోసుకోవడానికి ఆయన ఎన్నాళ్ల నుంచో గరాటు కావాలంటున్నాడు. పంపు మూతిలో చెత్త పోకుండా జల్లెడలాంటి జాలి ఉంటుంది కదా, ఈ గరాటు పొడుగు మూతి ఆ జాలికి తగిలి నిలబడలేదు. ఆయన ఇనుము కోసే ఆక్సా బ్లేడు తెచ్చి మూతిని మొదటికంటా కోసేశాడు. కోసిన ముక్కను పెంట మీదికి విసిరేశాడు. "ఇప్పుడు సరిగ్గ కూసున్నది," అని తనకు తానే మెచ్చుకున్నాడు.

బండికి ఉన్న ఆ చిన్న తలుపు లోపలి వైపు ఒక బొమ్మ అంటించి ఉంది. డబ్బా, దాని కింద పొడుగు మూతి గరాటు, ఆ గరాటు గుంటలోకి దిగి ఉండడం. అక్షరాలు కూడా లేవు, ఉత్త బొమ్మ. అన్నదమ్ములిద్దరూ పదో తరగతి దాకా చదివినవాళ్లు. ఆ తలుపును రోజూ తెరిచి ఊరందరికీ చూపించిందీ వాళ్లే.

మా వైపు సేద్యం చేసే ఇళ్లలో ట్రాక్టర్ కోసమని డీజిల్ డబ్బా ఒకటి ఎప్పుడూ ఉంటుంది. మిగతా బండ్లు కూడా దాని మీదే బతుకుతాయి. బంకు దూరం కాబట్టి, నీళ్ల సీసా అడుగు కోసి గరాటు చేసుకుని డబ్బాలోంచి పోసుకోవడమే అలవాటు. ఎటు పోయినా వెనక ఒక డబ్బా వేసుకునే పోతారు. ఆ డబ్బా ఉందన్న ధైర్యంతో ఎవరూ డీజిల్ ముల్లు చూడరు. ఆటో ఉన్నన్నాళ్లు ఆ అలవాటు నడిచింది.

ఆ రోజు ఎండకాలం. పాలు ఎత్తుకుని బయలుదేరాం. నేను ముందు సీట్లోనే కూర్చునేదాన్ని, క్యాన్ల బాధ్యత నాది.

"ముల్లు అడుగుకు వడ్డది," అన్నాను.

"ఎన్క డబ్బ ఉన్నది గద వదినె. ఫికర్ జెయ్యకు."

ఊరు దాటి, పల్లీ చేలు కూడా దాటి, ఒక్క చెట్టు కూడా లేని బోడి గుట్ట పక్కన బండి ఆగిపోయింది. మరిది ఈల వేసుకుంటూ దిగాడు. నీళ్ల సీసా అడుగు కోసి, దాని మూతిని గుంటలో పెట్టి డబ్బా వంచాడు. సీసా పొట్టి మూతికి రేకు తెరుచుకోలేదు. డీజిల్ అంతా పొంగి ఆయన చెప్పుల మీదికి వచ్చింది. సీసాను గట్టిగా నొక్కాడు, అది నలిగిపోయింది. వేలు పెట్టి రేకును నొక్కి పట్టుకుని ఇంకో చేత్తో పోయాలని చూశాడు. వేలు కొరికింది. ఈల అప్పుడు ఆగింది.

డబ్బా నిండా డీజిల్ ఉంది. బండి కడుపు ఎండిపోయి ఉంది. మధ్యలో అడ్డం ఉన్న రేకు అరచేతంత కూడా లేదు.

అన్నకు ఫోను చేశాడు. "అన్నా, సీటు కింద ఒక నల్ల గరాటు ఉండె, యాదికున్నదా? గది ఉంటెనే పోతదేమో. జర తీస్కరా."

 మా ఆయన తెస్తానన్నాడు. మూతి కోసిన సంగతి మాత్రం చెప్పలేదు.

నేను తాగడానికి తెచ్చుకున్న నీళ్లన్నీ గోనె సంచుల మీద చల్లి క్యాన్లకు కప్పాను. సంచులు చూస్తుండగానే ఆరిపోయాయి. అప్పుడే పక్క ఊరి పాలాయన మోటార్ సైకిల్ మీద వచ్చాడు. వెళ్లిపోవచ్చు కదా, ఆగాడు. కాలు కింద పెట్టి, తువ్వాలతో మొహం తుడుచుకుని, తీరిగ్గా చూశాడు.

"ఏమైంది వదినె?"

"డీజిల్ అయిపోయింది," అన్నాను.

"డబ్బ చేతిలనే ఉండె గద."

మరిది అడ్డుపడ్డాడు. "దీనికి మూత ఉండదన్నా. కంపెనీ డిజైను."

"మూత లేకుంటె ఇంక అల్కగ పొయ్యొచ్చు గదనే."

 పాలాయన తన మోటార్ సైకిల్ ట్యాంకును అరచేత్తో తట్టాడు. "నాదానికి మూత ఉన్నది, తాళం గూడ ఉన్నది. పాతదే తియ్యి. ఇయ్యాల ఎండ జోరుంది వదినె, పాలు పైలం," అని వెళ్లిపోయాడు. ఆ మాటలో నా పాల మీద దిగులు ఎంత ఉందో నాకు తెలుసు. మేము కేంద్రానికి చేరేలోపు ఈ కబురు మా ఊరికి చేరుతుంది.

మా ఆయన మోటార్ సైకిల్ మీద వచ్చాడు. గరాటు హ్యాండిల్‌కు వేలాడుతోంది, పురుగుమందు వాసన ఆయన కంటే ముందే వచ్చింది. మరిది దాన్ని అందుకుని అటూ ఇటూ తిప్పాడు.

"దీని మూతేదే?"

"కోసిన."

"ఎందుకు?"

"జాలికి తాకుతుండె."

"మరి కోసిన ముక్క?"

"పెంట మీద ఏసిన."

అన్నదమ్ములిద్దరూ ఆ గరాటు లోపలికి తొంగి చూశారు. కాసేపు చూస్తే మూతి మళ్లీ మొలుస్తుందనుకున్నారో ఏమో. ఆ తర్వాత ఒకరు కొనడం తప్పంటే ఒకరు కోయడం తప్పన్నారు. క్యాన్ల మీద ఎండ పడుతూనే ఉంది.

"కొట్లాట ఇంటికాడ వెట్టుకోండ్రి. ఈడ పాలున్నయి," అన్నాను.

చివరికి మరిది స్క్రూడ్రైవర్ పెట్టి రేకును బలవంతంగా పక్కకు వంచి పట్టుకున్నాడు. మా ఆయన ఆ మూతి లేని గరాటులోంచే పోశాడు. సగం లోపలికి పోయింది, సగం నేల తాగింది. బండి అప్పటికీ కదల్లేదు. డీజిల్ పూర్తిగా ఎండిపోయిన బండికి పైపుల్లో గాలి చేరుతుంది, ఆ గాలి తీస్తే తప్ప ఇంజను అందుకోదు. ఆ పని కూడా అయ్యేసరికి నా నీడ కాళ్ల కిందికి వచ్చింది. రేకు వంగి పక్కకు తిరిగిపోయింది, ఇక మూసుకోలేదు. మా అత్త చెప్పిన మట్టి ఆ రోజు నుంచి నిజంగానే లోపలికి పోవడం మొదలైంది. కంపెనీ వాళ్లు దాన్ని మూసుకునేలాగే చేశారు. తెరిచి పెట్టింది మావాళ్లు.

కేంద్రంలో ప్రతి క్యాను లోంచి కొంచెం తీసి, గాజు గొట్టంలో స్పిరిట్ కలిపి చూస్తారు. పాలు బాగుంటే గొట్టం గోడకు నున్నగా జారుతాయి. చెడిపోతుంటే తరకలు కడతాయి. బండి క్యాబిన్ నీడ పడ్డ క్యాన్లు గట్టెక్కాయి. బండి వెనక తలుపు పక్కన ఎండ తగిలిన రెండు క్యాన్ల పాలు తరకలు కట్టాయి. అక్కడ చూసే ఆయన గొట్టాన్ని నా ముఖం ముందు పెట్టి చూపించాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

వెనక్కి వచ్చేటప్పుడు, ఊరు కనిపించగానే మరిది నోరు తెరిచాడు.

"వదినె, టైరు పంచరయిందని చెప్దాం. ఎవరేమంటరు?"

"టైరు మంచిగనే ఉరికింది గద. దాని మీద ఎందుకు ఏస్తవు?"

"మరేం చెప్తవు?"

"అయింది చెప్త."

"ఇజ్జత్ పోతది వదినె."

"పోయేటంత ఉన్నదా నీకాడ?" అన్నాను. ఆయన బండిని ఇంటి ముందు ఆపి, నేను క్యాన్లు దింపుకోగానే, తాను దిగకుండానే ట్రాక్టర్ పని ఉందని అన్నను తీసుకుని పోయాడు. విరిగిన పాలు పెంటగుంటలో నేనే పోశాను. సాయంత్రం మా ఆయన మెల్లగా అన్నాడు, "గా గరాటు కొత్తది దొరుకుతదేమో షాద్‌నగర్ల అడుగుదమా." దొరకవచ్చు. దొరికితే దాన్ని దేనికి కోస్తాడో ఆ దేవుడికి తెలియాలి.

ఆ బండి గురించి ఇప్పటికీ నన్ను అడిగేవాళ్లున్నారు, మూత లేనిది మంచిదా, మూత ఉన్నది మంచిదా అని. బంకు పక్కనే ఉండేవాళ్లకు మూత లేనిది మంచిదే. మతిమరుపు వాళ్లకు ఇంకా మంచిది. డబ్బాలోంచి పోసుకు బతికే మా బోటి ఊళ్లకు ఆ గరాటు ఉంటేనే అది బండి. లేకపోతే నాలుగు చక్రాల మంచం. గరాటు విలువ తెలిసిన మగవాడు ఇంట్లో ఉన్నాడో లేడో చూసుకుని కొనండి అని చెబుతాను. వాళ్లు నవ్వుతారు. నేను నవ్వడానికి చెప్పను.

మర్నాడు పొద్దు పొడవక ముందే లేచాను. ఆ పికప్పును నమ్ముకోలేక, వీధి చివర ఉండే ఆటో అతన్ని లేపి పాలకు రమ్మని మాట్లాడుకుని, అక్కడి నుంచి నేరుగా మా చిన్నత్త పశువుల కొట్టానికి పోయాను. చిన్నత్త అంటే మా మామ తమ్ముడి భార్య, అన్నదమ్ములిద్దరికీ చిన్నమ్మ. ఊళ్లో అందరికంటే ఎక్కువ పాలు పోసేది ఆమే. విరిగిన ఆ రెండు క్యాన్ల పాలలో ఎక్కువ ఆమెవే. ఆమె ఎటు పోస్తే ఆ వాడంతా అటే పోస్తుంది. ఆమె బర్రె పొదుగు కడుగుతోంది. నన్ను చూసి చేయి ఆపలేదు.

"ఏం కోడలా, బండి ఖరాబైందంట గద."

"బండి ఖరాబు కాలె చిన్నత్తా. నీ కొడుకులు ఖరాబు జేసిన్రు. ఒకడు గరాటు మూతి కోసిండు, ఒకడు ముల్లు చూడలె. నీ పాలు విరిగినయి, నేనే పారవోసిన. ఇయ్యాల ఆటో మాట్లాడిన. నాకు పోస్తవో గాయనకు పోస్తవో, నీ ఇష్టం."

ఆమె చెంబెడు నీళ్లు పొదుగు మీద పోసి చేయి తుడుచుకుంది. వీధి మొదట్లో పక్క ఊరి పాలాయన మోటార్ సైకిల్ హారన్ వినిపించింది, ఒకసారి, ఆగి ఇంకోసారి. గుంజకు కట్టిన దూడ పలుపు తెంచుకునేటట్టు తల్లి వైపు గుంజుతోంది.

"ఊకె నిలవడ్డవేందే. దూడను వట్టు," అంది చిన్నత్త, హారన్ వైపు తల తిప్పకుండానే.

నేను పోయి దూడ పలుపు పట్టుకుని, ఆమె పితకడం అయ్యేదాకా అక్కడే నిలబడ్డాను.