ఇద్దరు వకీళ్ళకూ యాదమ్మే ఫీజు

ముందే ఒప్పేసుకుంటున్నాను. నా నోట్లో పడ్డ పరక చేపపిల్ల తిమింగలమై బయటికొస్తుంది. కాస్త తగ్గించుకుని చదవండి.

మొన్న షామీర్‌పేట రోడ్డు పక్కన బండి మీద కొర్రమీను వేగుతుంటే, ఆ వాసనకు రింగురోడ్డు మీది లారీలన్నీ ఆగి మూతులు నాక్కున్నాయి. నాకు మాత్రం మా వకీలు విఠలయ్య సారు గుర్తొచ్చారు. మేడ్చల్‌లో ఆయన దగ్గర గుమస్తాగా పనిచేశాను. ఎవరు ఏ కష్టంతో వచ్చినా ఆయన మొదట అడిగేది ఒకటే: "ఫీజు ఎవలిస్తున్నరు?" దేవుడు ప్రత్యక్షమై వరమిస్తానన్నా, ఖర్చు ఎవరిదని తేల్చుకునే చెయ్యి చాచేవారు.

ఒకసారి, ఎండాకాలంలో తేలే చెరువు నేలను ప్లాట్లు చేసుకోవచ్చని శాసనసభ చట్టం చేసింది. పక్క ఊళ్ళో చేపలు పట్టుకుని బతికేవాళ్ళకు ఇక వల వేసే చోటుండదు. వాళ్ళ సంఘం పెద్ద యాదమ్మ, హైకోర్టుకు పోదామని సారు దగ్గరికొచ్చింది. ఆమె వెనకే ఎమ్మెల్యే దిగాడు. ఆయన కారు మూతి మా గుమ్మంలో ఉంటే, తోక గండిమైసమ్మ చౌరస్తాలో ఉంది.

"గరీబోళ్ళు సార్. మీ ఫీజు నేనిస్త."

"గా చట్టానికి అసెంబ్లీల చెయ్యెత్తింది మీరే గద?"

"పార్టీ ఎత్తమన్నది, ఎత్తిన."

"రేపు గదే పార్టీ కేసు వాపస్ తీస్కొమ్మంటే?"

ఫీజు ఇచ్చినవాడే కేసు మూయిస్తాడని సారు అనుమానం. ఎమ్మెల్యే చెమట తుడుచుకున్నాడు. ఆ రుమాలు పిండి ఉంటే చెరువు అలుగు పారేది. కారెక్కి వెళ్ళిపోయాడు.

యాదమ్మ అడిగింది: "మరి సర్కారు వకీలుకు ఎవలిస్తరు సార్?"

"ఖజానా. అంటే నువ్వే. సబ్బు కొన్నా, నూనె కొన్నా కడ్తనే ఉన్నవు."

"మా చెరువు గుంజుకునెతందుకు మా పైసలతోనే వకీలునా?"

సారు మెత్తబడ్డారు. "నేను ఫుకట్ల వాదిస్త తియ్యమ్మా, పైస ఇయ్యకు."

యాదమ్మ కళ్ళు చిన్నవి చేసింది. "ఫుకట్లనా? మరి మీకు ఎవలిస్తున్నరు?"

సారు మేడ్చల్ స్టేషన్‌లో రైలు ఆగిపోయేంత గట్టిగా నవ్వి, సంఘం ఇవ్వగలిగినంత ఫీజు తీసుకోవడానికి ఒప్పుకున్నారు.

కేసు గెలిచాం. చట్టం చెల్లదన్నారు, చెరువు దక్కింది. తీర్పు చివర మాత్రం, ఎవరి ఖర్చులు వారే భరించాలని ఉంది. సారు చదివి వినిపిస్తే యాదమ్మ అంది: "అవుతలోళ్ళ ఖర్చు గూడ మేమే భరిస్తిమి గద! జడ్జి సాబ్‌కు గా ముచ్చట చెప్పలేదా?"

ఉచిత వైద్య శిబిరమన్నా, ఊరందరికీ విందన్నా నేనిప్పటికీ ఖర్చు ఎవరిదని ఆరా తీస్తాను. మా ఆవిడ నన్ను పెళ్ళిళ్ళకు తీసుకెళ్ళడం మానేసింది.

ఇక నేను కల్పించిన ముక్క: 'మీకు ఎవలిస్తున్నరు' అంటే సారు నవ్వారన్నది. ఆయన నవ్వలేదు. ముఖం మాడిపోయింది, మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూత తియ్యలేదు. సాయంత్రం నన్ను పిలిచి అన్నారు: "అందర్నీ అడిగేటోన్ని, నన్నడిగితే కోపమెందుకు రా? ఆమెకు రసీదు రాయి."