చిట్టి ఎడమచెయ్యి

మొన్న మనవరాలికి టీకా వేయిస్తుంటే నర్సు దూదితో స్పిరిట్ రాసింది. ఆ వాసన తగిలితే ఇప్పటికీ నాకు కొవ్వూరులో బస్సెక్కి వంతెన దాటి రాజమండ్రి ఆసుపత్రికి పోతున్నట్టే ఉంటుంది.

మా చెల్లెలు చిట్టికి ఒంట్లో రక్తం నిలిచేది కాదు. మూడు వారాలకోసారి ఎక్కించాలి. నాన్నగారు బెల్లం కొట్టుకు తాళం వేసి, అమ్మ పెరుగన్నం గిన్నె మూట కట్టి, ఎండాకాలం ముంజల గంపలూ వానాకాలం కాల్చిన మొక్కజొన్న పొత్తులూ బస్సు కిటికీలోంచి చూసుకుంటూ ఎన్నిసార్లు వెళ్ళామో లెక్కలేదు. ఏడేళ్ళు నిండకుండానే దాని నరాలన్నీ మూసుకుపోయాయి, ఎడమ మోచేతి మడతలో ఒక్కటి తప్ప.

"ఈ మంచి నరాన్ని కాపాడుకోండమ్మా. ఇదీ పోతే చీలమండ దగ్గర కోసి ఎక్కించాలి, కోసినచోటు మళ్ళీ పనికిరాదు. లేదంటే మద్రాసులో ఛాతీలోకి గొట్టం వేస్తారు. నెలల తరబడి ఉంటుంది గానీ, చీము పడితే ప్రాణం మీదికొస్తుంది," అన్నారు డాక్టరుగారు.

"గొట్టం పెట్టుకుని పిల్ల గోదాట్లో ఎలా మునుగుద్దండీ?" అంది నాయనమ్మ. ఇంట్లో నెలంతా అదే వాదన, ఎటూ తెగలేదు. అందాకా ఆ చెయ్యి ఎవరూ ముట్టుకోకూడదన్నారు.

అట్లతద్ది ముందురోజు నాయనమ్మ గోరింటాకు రుబ్బి నాకు రెండు చేతులకూ, చిట్టికి కుడిచేతికే పెట్టింది. అమ్మా నాన్నగారూ బజారుకెళ్ళారు. ఇంతలో చిట్టి కళ్ళు తేలేసింది. నాయనమ్మ కంగారుపడి వీధి చివరి ఆరెంపీ డాక్టరును పిలిపించింది. మా వైపు నీరసానికి గ్లూకోజు సీసా పెట్టడమే వైద్యం. ఆయన కుడిచెయ్యి అందుకోబోతే నేనే అడ్డుపడ్డాను.

"ఆ చేతికి గోరింటాకుందండీ, చెరిగిపోద్ది. ఇటు పెట్టండి, ఇది మంచి నరం."

మంచి నరమంటే నొప్పి పుట్టనిదనుకున్నాను. నాకు పదేళ్ళు. సగం సీసాకే మోచెయ్యి బూరెలా పొంగింది, ఆ నరం మళ్ళీ దొరకలేదు. మద్రాసుకు నాన్నగారు సరేననేలోపు రెండు చీలమండలూ అయిపోయాయి. చిట్టి మరో అట్లతద్ది చూడలేదు. ఇంట్లోవాళ్ళలో నా మాట విన్నది నాయనమ్మ ఒక్కతే, ఆ కంగారులో ఆపలేదు, ఎవరికీ చెప్పకుండానే పోయింది.

ఇప్పుడు మా వీధిలో అట్లతద్ది ఉయ్యాలలు లేవు, గోరింటాకు రుబ్బేవాళ్ళూ లేరు. అమ్మకు ఎనభై దగ్గరపడ్డాయి. మనుషుల్ని పోల్చుకోలేదు గానీ ఆ ఆరెంపీని మాత్రం మర్చిపోలేదు.

"నా బిడ్డను పొట్టన పెట్టుకున్నాడే," అంటుంది నా చెయ్యి పట్టుకుని.

అవునమ్మా, అంటాను.