పదో రాయి

నేను బేతంచెర్ల దగ్గర ఒక ప్రాథమిక పాఠశాలలో టీచర్ని. రెండేళ్ల కిందట, రెండో తరగతి పిల్లలకు కూడికలు చేతులతో చేయించి నేర్పాలని, ఒక్కొక్కరూ పది చిన్న రాళ్లు తెమ్మన్నాను. "ఒక్కటి తగ్గినా క్లాసులోకి రానివ్వను" అని గట్టిగానే చెప్పాను.

మరునాడు ప్రార్థన కాగానే పక్కనున్న బండల పాలిష్ ఫ్యాక్టరీలో పెద్ద చప్పుడైంది, వెంటనే అరుపులు. పరుగెత్తాను. గోడకు ఆనించి నిలబెట్టిన నాపబండలు జారిపడి ఉన్నాయి. వాటి కింద మా క్లాసు సలోమి కాలు! కూలీలు బండలెత్తి పాపను బయటికి లాగారు.

అక్కడే పనిచేసే వాళ్లమ్మ పరుగున వచ్చి పాప మీదికి వంగింది. "తొమ్మిదే ఉండాయని పొద్దున్నుంచి ఏడుస్తాండాది మేడమ్. ముక్క కోసం బండల సందులో దూరినట్టుండాది."

ఆసుపత్రికి పోయే ఆటోలో సలోమి నా ఒళ్లో పడుకుని పిడికిలి విప్పింది. అందులో నున్నటి రాతిముక్క.

"పదోది మేడమ్. తక్కినవి సంచిలో ఉండాయి. ఇంగ క్లాసులోకి రానిస్తావు కదా?"

కాలు అతుక్కుంది, ఇప్పుడు బాగానే నడుస్తోంది. కానీ తొమ్మిది రాళ్లతోనూ కూడిక నేర్పవచ్చని, ఇన్నేళ్లుగా లెక్కలు చెబుతున్న నాకు ఆ ముందురోజు ఎందుకు తోచలేదో!