పొడిగా ఎక్కించాల్సిన స్లైడ్

తెలంగాణ వచ్చిన రెండో ఏడు ఎండాకాలంలో నన్ను కల్వకుర్తి నుంచి మేళ్లచెరువులోని మోటార్‌సైకిల్ సర్వీస్ సెంటర్‌కు వర్క్స్ మేనేజర్‌గా పంపారు. మెకానిక్‌ల మీద సూపర్‌వైజర్, అతని మీద వర్క్స్ మేనేజర్. నా పైన యజమాని ఒక్కడే. అప్పటికి పాతికేళ్లుగా కార్బురేటర్లు విప్పుతున్నాను. నాకు తెలియని కార్బురేటర్ లేదనే పొగరు ఉండేది, అందులో చాలావరకు నిజమే.

కార్బురేటర్ శుభ్రం చేయడానికి ఓపిక చాలు. పెట్రోల్‌తో కడిగి, పెట్రోల్ వచ్చే జెట్ల సన్నటి రంధ్రాల్లో గాలి కొట్టాలి. తీగ గుచ్చితే రంధ్రం పెద్దదై బండి పెట్రోల్ తాగేస్తుంది. అసలు పనితనం తిరిగి బిగించేటప్పుడు తెలుస్తుంది. లోపల స్లైడ్ అనే గుండ్రటి ముక్క ఉంటుంది. ఎక్స్‌లేటర్ తిప్పితే అది పైకి లేచి బండి వేగం పెరుగుతుంది, వదిలితే స్ప్రింగ్ దాన్ని కిందికి దించి వేగం తగ్గిస్తుంది. కల్వకుర్తిలో నేను దానికి పల్చగా ఇంజిన్ ఆయిల్ రాయించేవాణ్ణి. ఎక్స్‌లేటర్ వెన్నలా తిరుగుతోందని కస్టమర్లు మెచ్చుకునేవారు.

మేళ్లచెరువులోనూ అదే చేయమన్నాను. నాకంటే వయసులో పెద్దవాడైన సీనియర్ మెకానిక్ యాదగిరి వద్దన్నాడు.

"సార్, గీడ స్లైడ్‌కు నూనె పెట్టొద్దు. ఫ్యాక్టరీలకెల్లి వచ్చే సిమెంట్ దుమ్ము పట్టి జామైతది. మేం పొడిగనే ఎక్కిస్తం."

చెప్పింది చెయ్యమన్నాను. చేశాడు.

పదిహేను రోజులకు సిమెంట్ ఫ్యాక్టరీలో పనిచేసే దేవదాసు, మా దగ్గర సర్వీస్ చేయించుకున్న బండి తోసుకుంటూ వచ్చాడు. మోచేతికి కట్టు ఉంది.

"ఎక్స్‌లేటర్ ఇడిసిపెట్టినా బండి ఉరుకుతనే ఉన్నది సార్! కంపల పడ్డం. ఎన్కాల నా భార్య కూసున్నది. జరంతల పాణాలు దక్కినయి."

యజమాని జాబ్‌కార్డు తెప్పించాడు. బండికి ఏ పని ఎవరు చేశారో రాసే కాగితం అది. అందులో యాదగిరి సంతకం ఉంది. ఆ పని చేయమన్నవాడి పేరు రాయడానికి గడి లేదు. సాయంత్రంలోగా యాదగిరిని పనిలోంచి తీసేయమన్నాడు యజమాని. యాదగిరి నా వంక చూశాడు. స్లైడ్‌ను పైకి లాగే కేబుల్ సరిగా బిగించి ఉండడని నేను అనుకున్నాను. బండి విప్పకుండానే కార్డులో కారణం దగ్గర "మెకానిక్ అజాగ్రత్త" అని రాశాను. అలా రాసినందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

తర్వాత కార్బురేటర్ నేనే విప్పాను. కేబుల్ బాగానే ఉంది. పైమూత రబ్బరు పగిలి లోపలికి దిగిన దుమ్ము, నేను రాయించిన నూనెతో కలిసి బూడిదరంగు ముద్దయింది. స్లైడ్ సగంలోనే ఇరుక్కుపోయి, వేలితో నొక్కినా కిందికి దిగలేదు.

స్లైడ్‌ను అలాగే పట్టుకెళ్లి యజమాని బల్ల మీద పెట్టాను. నూనె రాయించింది నేనని, యాదగిరి వద్దన్నా వినలేదని చెప్పాను. దేవదాసు ముందే కార్డులో రాసింది కొట్టేసి, నా పేరు రాసి సంతకం పెట్టాను. యజమాని చాలా రోజులు నాతో ముభావంగా ఉన్నాడు. యాదగిరి ఉద్యోగం నిలిచింది.

ఆ పదిహేను రోజుల్లో నూనె పెట్టిన బండ్లన్నింటినీ వెనక్కి పిలిపించి, నేనూ యాదగిరీ కూర్చుని స్లైడ్లు కడిగి, తుడిచి, పొడిగా ఎక్కించాం. ఆ పనిలో ఉండగా అతను ఒక్కసారే ఆ సంగతి ఎత్తాడు.

"నూనెదేముంది సార్, కడిగితే పోతది. కారణం ఇప్పి చూసినంక రాస్తె అయిపోతుండె గద."

రిటైరయ్యేదాకా, బండి విప్పకముందు నేను కారణం రాయలేదు.