కవలల రక్తం

ఆ కళ్ళజోళ్ళ దుకాణంలో అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండే ఇద్దరు ఆడవాళ్ళు పనిచేసేవారు. వీధివీధంతా వాళ్ళని పెద్దమ్మాయి, చిన్నమ్మాయి అనేది. నలభై దాటినా ఆ పిలుపు మారలేదు. ఇద్దరికీ తేడా పద్దెనిమిది నిమిషాలు. గోడమీది అక్షరాలు చదివించి నంబరు తేల్చడం చిన్నమ్మాయి పని. అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం పెద్దమ్మాయి పని.

పొద్దున చూపించుకున్నవాళ్ళు సాయంత్రం జోడు కోసం వచ్చి, పెద్దమ్మాయిని చూసి, "అంతా పొద్దునే చెప్పాను కదమ్మా, మళ్ళీ మొదలా?" అని విసుక్కునేవారు.

"మీరు చెప్పింది నకలుకండీ. అసలు నేను," అనేది ఆమె.

"అసలెవరో అమ్మనడుగు!" అని లోపలినుంచి చెల్లెలు అరిచేది.

ఒకరోజు చిన్నమ్మాయి ఎర్ర ఫ్రేమొకటి పట్టుకుని, ఒక కన్ను మూసి, తర్వాత రెండోది మూసి చూసింది. "అక్కా, ఈ కంటికి ఎరుపు ఉతికి ఉతికి వెలిసిపోయిన గుడ్డలా కనపడుతోందే."

నెలకి ఆ కన్ను బాగుపడింది. ఏడాదికి కాళ్ళు మొద్దుబారాయి. తల స్కానులో తెల్లమచ్చలు చూపించి డాక్టరు జబ్బు పేరు చెప్పాడు: మల్టిపుల్ స్క్లెరోసిస్. ఒంటిని కాపాడాల్సిన రక్షణశక్తే నరాల మీది పొరని కొరికేస్తుందట. కంచే చేను మేసినట్టన్నమాట.

"మరి నాకూ వస్తుందా?" అన్న మాట పెద్దమ్మాయి నాలుక చివరిదాకా వచ్చింది. చెల్లెలు పక్కనుండగా ఆ ఆలోచన వచ్చినందుకే తనమీద తనకు రోత పుట్టింది.

అదే ఆసుపత్రిలో జన్యువుల మీద పరిశోధన చేసే డాక్టరమ్మ ఉంది. కవలలని తెలిసి వెతుక్కుంటూ వచ్చింది. "మీ ఇద్దరి రక్తమూ కావాలమ్మా," అంది.

"ఎంత కావాలంటే అంత తీసుకోండి," అని పెద్దమ్మాయి చెయ్యి చాపింది. తన రక్తంలో ఏదో కాపాడే గుణముందనీ, అదేమిటో తేలితే చెల్లెలు లేచి నడుస్తుందనీ ఆమె నమ్మకం.

ఏడేళ్ళలో ఆరుసార్లు ఇచ్చారు. మందులతో జబ్బు తిరగబెట్టడం తగ్గింది గానీ, నడక మాత్రం నెమ్మదిగా పాడవుతూనే వచ్చింది. చేతికర్ర వచ్చింది, తర్వాత చక్రాల కుర్చీ వచ్చింది. అక్షరాలు చదివించే పని కూడా పెద్దమ్మాయి మీదే పడింది.

చివరికి డాక్టరమ్మ పిలిచి, కంప్యూటర్ మీద చుక్కల బొమ్మొకటి చూపించింది. "ఈ జబ్బుకి దారితీసే జన్యు తేడాలు రెండువందలకి పైగా దొరికాయమ్మా. ఒకటి మాత్రం పెద్దది. తక్కినవన్నీ పిసరంత, పిసరంత."

"అవి నాలో లేవా?"

"ఉన్నాయి. మీ ఇద్దరివీ ఒకటే."

"మరి నాకెందుకు రాలేదు?"

"ఇలాంటి కవలల్లో ఒకరికొస్తే, రెండోవారికి వచ్చేది ఇంచుమించు నలుగురిలో ఒకరికే. ఎప్పుడో సోకిన వైరస్ కావచ్చు, ఎండ తగలకపోవడం కావచ్చు, పొగ కావచ్చు, ఇంకేదో కావచ్చు. మీ విషయంలో ఏమిటో నాకు తెలీదమ్మా." మళ్ళీ తనే అంది: "ఇప్పుడు అందరి చూపూ ఇంకోవైపు ఉంది. జబ్బు వచ్చాక కొందరికి ఎందుకు త్వరగా ముదురుతుందో వెతుకుతున్నాం. దాని ఆచూకీ కూడా కొంత దొరికింది."

"దాంతో మందు చేస్తారా?"

"చేస్తారు, ఎప్పటికో."

"మా చెల్లి ఉండగానేనా?"

డాక్టరమ్మ పెన్ను మూత తీసింది, పెట్టింది, మళ్ళీ తీసింది.

"ఈ చుక్కల్లో మేమెక్కడున్నాం?" అని అడిగింది పెద్దమ్మాయి.

"విడిగా కనపడరమ్మా. వేలమందిని కలిపితేగానీ ఒక్క చుక్క కూడా నిలబడదు."

ఇంటికి రాగానే చెల్లెలు, "ఏమందే?" అంది.

"మనిద్దరం ఒకటేనట."

చిన్నమ్మాయి పడీ పడీ నవ్వింది. "దానికి ఏడేళ్ళు కావాలా! వీధిలో ఎవర్నడిగినా చెప్పేవారు." నవ్వు ఆగాక మెల్లగా అడిగింది. "నీకొచ్చుంటే నేనేం చేసేదాన్నే?"

"ఏం చేస్తావు? నాలాగే కూచుని చూసేదానివి."

ఒకనాటి పొద్దున పెద్దమ్మాయి వేళ్ళు తిమ్మిరెక్కాయి. కుళాయి కింద చెయ్యి పెట్టుకుని, ఊపిరి బిగబట్టి నిలబడింది. నిద్రలో చెయ్యి ఒంటికింద పడి నొక్కుకుపోయిందంతే, కాసేపటికి తగ్గింది. గదిలో చెల్లెలు చెంచా జారవిడిచిన చప్పుడయింది. తనకి తగ్గిందన్న సంతోషం ఇంకా మొహం మీద ఉండగానే ఆ గదిలోకి ఎలా వెళ్ళాలో తెలీక, కుళాయి కట్టకుండా అక్కడే నిలబడిపోయింది.

ఆ ఏడు కూడా డాక్టరమ్మ రక్తం కోసం ఫోన్ చేసింది. చిన్నమ్మాయి ఇల్లు కదిలే స్థితిలో లేదు కాబట్టి నర్సునే ఇంటికి పంపింది. ఎండిన చేతిలో నరం ఒక పట్టాన దొరకలేదు. పెద్దమ్మాయి ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుని, వేడినీళ్ళ గుడ్డతో కాపుతూ కూర్చుంది. మూడోసారికి నరం దొరికింది. దీంతో ఏం తేలుతుందని ఇద్దరిలో ఎవరూ అడగలేదు.